కుజగ్రహమున కనబడిన ముఖము

కుజుని పేరెఱుగని గృహిణి మన దేశమున నుండదు. వారములలో మంగళవార మాతనిది. పెండ్లిమాటలు వచ్చినపుడు జాతకచక్రమున నాతడే యింట నున్నాడని పెద్దలు మొదట విచారింతురు. భూమికి బుట్టినవాడని పురాణములు చెప్పుటచే భౌముడనియు, నిప్పుకణికవలె నెఱ్ఱగా వెలుగుటచే నంగారకుడనియు నాతనికి పేరులు గలిగినవి. ఇంత పరిచితమైన యీ గ్రహమును గూర్చి మన యిండ్లలోనికి వేఱొకవిధమైన వార్తయు వచ్చుచున్నది. అది యొక చిత్రము. నలుపు తెలుపుల ఛాయలతో, బయలునేలమీద, ఆకాశమువంక జూచుచున్న యొక పెద్ద ముఖము. కన్నుల గుంటలు, ముక్కు, పెదవులు, తలచుట్టును శిరస్త్రాణమువంటి యంచు. కుజునిపై నొకప్పుడు నివసించిన నాగరికులు దానిని చెక్కిరనియు, చేరువనే వారి పట్టణమును గోపురములును పాడుపడియున్నవనియు, విద్వాంసులు దీనిని లోకమునకు తెలియనీయకున్నారనియు చిత్రము క్రింద వ్రాసియుండును. పుస్తకములలోను, పత్రికలలోను, నేడు చేతి ఫోనులలోను ఈ చిత్రము దాదాపు ఏబది యేండ్లుగా సంచరించుచున్నది.

దీనిని వెంటనే నమ్ముట సులభము. వెంటనే నవ్వి త్రోసివేయుట యంతకంటె సులభము. ఈ రెండింటివలనను మనకు గలుగు లాభ మేమియు లేదు. ఆ ముఖ మెట్లు కనబడెను, దానిని పరిశీలించుట కెవరెవ రేమి చేసిరి, తుద కేమి తేలినది యను వృత్తాంతము తెలిసినచో, ఆకాశవిషయములలోనే కాక నిత్యవ్యవహారములలో సైతము పనికివచ్చు నొక నేర్పు మన కలవడును. కావున ఆ వృత్తాంతమును మొదటినుండి సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

ఈ కథ ముఖముతో మొదలు కాలేదు, కాలువలతో మొదలైనది. కుజుడు సూర్యుని నొకమాఱు చుట్టివచ్చుటకు 687 దినములు పట్టును. మన భూమియు నాతడును సూర్యుని కొకేవైపున చేరుట సుమారు 26 నెలల కొకసారి సంభవించును. అందును 15 లేక 17 ఏండ్ల కొకమాఱు మాత్రమే మిక్కిలి సమీపమగుట గలదు. 1877వ సంవత్సరమున నట్టి సామీప్యము గలిగెను. సామీప్యమన్నను నడుమ దూరము సుమారు 5 కోట్ల 60 లక్షల కిలోమీటర్లు! అప్పుడు ఇటలీదేశమున మిలాను నగరపు బ్రేరా వేధశాలలో జియోవన్నీ స్కియాపరెల్లి యను ఖగోళశాస్త్రజ్ఞుడు కుజుని దుర్భిణితో పరిశీలించి పటమును గీచెను. ఎఱ్ఱని నేలమీద నల్లని మచ్చలను గలుపుచు సన్నని గీతలు కొన్ని యాయనకు దోచినవి. వానిని తన భాషలో 'కనాలి' యని పేర్కొనెను. ఆ మాటకు సహజముగా నేర్పడిన నీటిదారి యనియు నర్థము గలదు. అది యింగ్లీషులోనికి పోవునప్పటికి 'కెనాల్' అయినది. అనగా మనుష్యులు త్రవ్విన కాలువ. ఎనిమిది సంవత్సరముల క్రిందటనే, 1869లో, సూయజుకాలువ తెఱవబడియుండెను. కాలువలు త్రవ్వుటయే నాగరికతకు పరమావధియని లోకము మురియుచున్న దినములవి. కాలువలున్నచో త్రవ్విన చేతు లుండవలెను గదా!

అదే సంవత్సరము ఆగష్టునెలలో వేఱొక సంగతి జరిగెను. అమెరికాలోని వాషింగ్టను నగరమున ఆసఫ్ హాల్ అను నాయన కుజునికి చంద్రు లున్నారేమో యని రాత్రులు మేల్కొని వెదకుచుండెను. ఏమియు గానరాక విసిగి మానుకొనబోవుచుండగా, ఆయన భార్య ఆంజెలీనా స్టిక్నీ మఱల ప్రయత్నింపుడని ప్రోత్సహించెను. ఈమె గణితము నేర్చిన విదుషి. వివాహమునకు పూర్వము హాలునకు గణితము బోధించినది యీమెయే. కొలదిదినములలోనే హాల్ రెండు చిన్న చంద్రులను కనిపెట్టెను. వానికి ఫోబసు, డీమసు అని పేళ్ళు. ఫోబసుపై నున్న గుంటలలో నన్నింటికంటె పెద్దదానికి స్టిక్నీ యని యామె పుట్టింటిపేరు పెట్టబడినది. ఒకే యేట, ఒకే గ్రహమున, ఒకరు గీతలను జూచిరి. ఒకరు చంద్రులను జూచిరి. ఈ రెండు దర్శనములలో నేది నిలిచినది, ఏది కరగిపోయినది యను దానిని సోదరీమణులు గమనించుచుండ గోరెదము.

చంద్రులను పిమ్మట చూచినవారందఱును చూచిరి. కాలువల సంగతి యట్లు గాలేదు. కొందఱికి కనబడెను, అంతకంటె గొప్ప దుర్భిణులు గల మఱికొందఱికి కనబడలేదు. ఐనను కనబడినవారి మాటయే లోకమున వ్యాపించెను. అమెరికాలో బోస్టనునగరమునకు జెందిన ధనికవంశజుడు పెర్సివల్ లోవెల్ 1894లో అరిజోనా రాష్ట్రపు ఫ్లాగ్‌స్టాఫ్ అను నెత్తయిన ప్రదేశమున, నిర్మలమైన గాలిలో, స్వంతధనముతో వేధశాలను గట్టించెను. నూఱులకొలది కాలువలను గీచెను. 1895, 1906, 1908 సంవత్సరములలో మూడు గ్రంథములు ప్రకటించెను. ఆయన చెప్పిన కథ హృదయమును కరగించునట్టిది. కుజుడు వృద్ధగ్రహమట, నీరెండిపోయినదట, అచ్చటి జనులు ధ్రువములయందలి మంచును కరగించిన నీటిని వేలకొలది మైళ్ళు కాలువలద్వారా తెచ్చుకొని పంటలు పండించుకొని, రానున్న నాశనము నెదుర్కొనుచున్నారట. నీటికై బిందె పట్టుకొని నడచిన స్త్రీ యెవతె యీ కథను విని నిట్టూర్పు విడువకుండును?

లోకమెంతగా నమ్మినదో యెఱుగుట కొక్క నిదర్శనము చాలును. ఫ్రాన్సుదేశమున క్లారా గోగే గుజ్మా యను ధనికురాలు తన కుమారుని పేర నొక బహుమానము నేర్పాటు చేసెను. అన్యగ్రహవాసులతో మొదట సంభాషించినవారికి లక్ష ఫ్రాంకులు ఈయవలెనని దాని నిబంధన. 1900లో ఆ దేశపు విజ్ఞానపరిషత్తు దీనిని ప్రకటించెను. కాని కుజగ్రహవాసులతో మాటాడినచో బహుమానము లేదట! ఏలయన, అచ్చట జను లున్నారనుట నిశ్చయమనియు, వారితో మాటాడుట మిక్కిలి సులభమనియు భావించిరి.

ఇట్టి సమయమున నీ వివాదమునకు చక్కని పరీక్ష పెట్టినది వేధశాల కాదు, ఒక పాఠశాల. ఉపాధ్యాయుని గృహమున నుండు మాకు ఈ భాగము మిక్కిలి ప్రియమైనది. ఇంగ్లండులో గ్రీనిచ్ వేధశాలయందు పనిచేయుచుండిన వాల్టరు మాండరును, అచ్చటి రాయల్ హాస్పిటల్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడగు ఎవాన్సును గలసి, సుమారు 200 మంది బాలురను వేర్వేఱు దూరములలో గూర్చుండబెట్టి, వారియెదుట కుజునిపటము నుంచి, కనబడినది కనబడినట్లు గీయుడనిరి. ఆ పటములో కాలువ లొక్కటియు లేవు. మచ్చలు, చెదరిన చుక్కలు, వంకరటింకర గుర్తులు మాత్రముండెను. ముందుబల్లలవారు చుక్కలను చుక్కలుగానే గీచిరి. మిక్కిలి వెనుకనున్నవారికి సన్ననివి కనబడలేదు గనుక పెద్ద మచ్చలనే గీచిరి. నడుమబల్లలవారు మాత్రము చుక్కలను గలిపి చక్కని తిన్నని కాలువలను గీచిరి! వారబద్ధమాడలేదు. కాలువల కథ చెప్పి వారి నెవ్వరును ప్రేరేపింపలేదు. కన్నున కందీయందక యున్న చుక్కలను మనసు తానై గీతలుగా గూర్చినది. 1903లో ఈ పరీక్ష ప్రకటింపబడెను.

1907లో, 84 ఏండ్ల వయస్సున, డార్విన్‌తో సమానముగా జీవపరిణామసిద్ధాంతమును గనిపెట్టిన ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలేసు మఱియొక వైపునుండి వాదించెను. కుజునిపై గాలి మిక్కిలి పలుచన, శీతల మధికము, అట్టిచోట తెఱపికాలువలలో వేలమైళ్ళు నీటిని పాఱించుట యెట్లని యాయన ప్రశ్న. 1909లో పారిసు సమీపమున మ్యూడాన్ వేధశాలలోని 83 సెంటీమీటర్ల కటకముగల పెద్ద దుర్భిణితో అంటోనియాడి యనునాయన కుజుని జూచెను. మొదట తానును కాలువలను చిత్రించినవాడే. గాలి నిశ్చలముగా నున్న రాత్రి ఆ గొప్ప యంత్రములో జూడగా, తిన్నని గీత లున్నచోట లెక్కలేనన్ని చిన్న మచ్చలును ఛాయలును విడివిడిగా గనబడెను. ముందుబల్లకు వచ్చి కూర్చుండిన బాలుని యనుభవమే యాయనకును గలిగినది!

లోవెల్ మాత్రము తుదివఱకు, 1916లో మరణించువఱకు, తన మతము విడువలేదు. ఆయన శుక్రగ్రహమును జూచినపుడు సైతము బండిచక్రపు ఆకులవంటి గీతలు గీచెను. శుక్రుడు దట్టమైన మేఘములచే ముసుగుపడియుండు గ్రహము. వెలుపలినుండి నేల యే మాత్రమును గానరాదు. దుర్భిణి నోటిని మిక్కిలి కుదించి చూచుటచే తన కంటిలోని రక్తనాళముల నీడనే యాయన చూచియుండవచ్చునని పిమ్మట కొందఱు ఊహించిరి. ఆకాశమున జూచితినని తలచినది తన కంటిలోనే యుండెనేమో!

1965 జూలైలో మారినర్ 4 అను వ్యోమనౌక కుజునికి సుమారు 10 వేల కిలోమీటర్ల దూరమున సాగిపోవుచు 22 చిత్రములను బంపెను. వానిలో గుంటలు గలవు, కాలువలు లేవు. 1971 నవంబరులో మారినర్ 9 ఆ గ్రహము చుట్టును తిరుగుచు దాదాపు సమస్తమును చిత్రించెను. ఒక్క కాలువయు లేదు. కాని యెవ్వరు నూహింపని వింత యొకటి కనబడెను. ఎప్పుడో నీరు ప్రవహించి యెండిపోయిన ఏఱుల జాడలు! అవి లోవెల్ గీచిన గీతలు గావు. గీచినచోటులును అవి గావు. త్రవ్విన చేతులు లేవు. పాఱిన నీరు మాత్రము ఒకప్పుడుండెను.

ఇక ముఖము సంగతి. 1976లో వైకింగ్ 1 అను నౌక కుజుని చుట్టును తిరుగుచు, రెండవ నౌక దిగుటకు మంచిచోటు వెదకుచుండెను. జూలై 25వ తేదీన ఉత్తరభాగమునందలి సిడోనియా యను ప్రదేశమును చిత్రించెను. అచ్చట బల్లపరుపైన గుట్టలు పెక్కు గలవు. వానిలో సుమారు రెండు కిలోమీటర్ల పొడవు గల యొక గుట్ట మానవముఖమువలె గానవచ్చెను. అప్పు డచ్చట ప్రొద్దు వాలియుండెను. సూర్యుడు క్షితిజమునకు సుమారు 20 డిగ్రీల యెత్తున మాత్రమే యున్నాడు. గుట్టలో సగము వెలుగు, సగము చీకటి. కంటిగుంటలో నీడ, నోటిగాటిలో నీడ. చిత్రము భూమికి వచ్చునపుడు త్రోవలో కొన్నిచోట్ల వివరము లోపించి నల్లచుక్కలు పడినవి. అందొకటి సరిగా ముక్కుపుటమున్నచోటనే పడినది! గోడచెంత దీపమును క్రిందుగా బట్టినపుడు పెచ్చులూడిన సున్నములో బొమ్మలు గనబడుటయు, పగటివెలుగున నవి మాయమగుటయు మన మెఱిగినదే. ఆరుదినముల పిమ్మట, జూలై 31న, అమెరికా అంతరిక్షసంస్థయైన నాసా తానే యీ చిత్రమును ప్రకటించి, ఇది నీడలవలన ముఖమువలె దోచు శిలయని క్రింద వ్రాసెను.

కొందఱికి ఆ మాట తృప్తి గూర్పలేదు. డీపియెట్రో, మోలెనార్ అను నిద్దఱు ఇంజనీర్లు అదే గుట్టను కొంచెము హెచ్చు వెలుగులో దీసిన మఱియొక వైకింగ్ చిత్రమును వెదకి తీసి, అందును ముఖచ్ఛాయ గలదని చూపిరి. 1987లో రిచర్డ్ హోగ్లాండ్ అనునాయన కుజుని కట్టడములను గూర్చి యొక గ్రంథమే వ్రాసెను. ప్రక్కనున్న గుట్టలు ఆయనకు గోపురములుగాను, కోటగాను, పట్టణముగాను దోచినవి. వాని నడుమ దూరములను, కోణములను గొలిచి, ఇందు గణితరహస్యము గలదనెను. ఇచ్చట నొక మాట చెప్పవలెను. పది గుట్టలున్నచో వానిని రెండేసిగా గలుపు గీతలు 45 వచ్చును. ఆ గీతల నడుమ నేర్పడు కోణములు తొమ్మిదివందలకు మించును. ఇన్నింటిలో మనకు వలసిన యంకె యొకటైనను దొరకక పోవునా? వెదకువా డేది గావలెనో ముందే తలచుకొన్నయెడల దొరకుట యాశ్చర్యము గాదు.

మన తర్కశాస్త్రమున నిట్టి సందర్భమునకు మిక్కిలి ప్రాచీనమైన యుదాహరణము గలదు. మసకచీకటిలో దూరమున నిలువుగా నున్నదానిని జూచి, ఇది మ్రోడో, మనుష్యుడో యని సందేహపడుట. అన్నంభట్టు తన తర్కసంగ్రహమున సంశయమును వివరించుచు జూపినది యీ యుదాహరణమే. ముత్యపుచిప్పను జూచి వెండియే యని నిశ్చయించుకొనుట విపర్యయము. ఈ రెండింటికిని భేదము గలదు. సంశయము దోషము గాదు. అది తెలిసికొనవలెనను కోరికకు తొలిమెట్టు. దూరముననే నిలిచి నిశ్చయించుకొనుటయే దోషము. సంశయము తీఱుటకు మార్గమును పెద్దలే చెప్పిరి: చేరువకు బోయి విశేషమును జూడవలెను. తొఱ్ఱయు వంకరయు గనబడెనా, మ్రోడు. కాళ్ళు చేతులు గనబడెనా, మనుష్యుడు.

మఱి మ్రోడు మనుష్యునివలెనే యేల కనబడవలెను? పుట్టిన కొలది దినములకే శిశువు ముఖమువంటి యాకారమువంక చూపు నిలుపునని పరిశోధకులు కనుగొనిరి; తల్లులకు వారు చెప్పకయే తెలియును. ముఖమును గుర్తించుటయే మన కన్ను నేర్చిన మొదటి పాఠము. కావుననే రెండు చుక్కలును, క్రింద నొక గీతయు నున్నచో చాలు, మన కది ముఖమే. పాశ్చాత్యులు దీనిని పేరిడోలియా యందురు. చంద్రునిలో మనము కుందేలును జూచి శశాంకుడంటిమి. అవే మచ్చలలో వారు పురుషుని ముఖమును జూచిరి. మచ్చలు మాఱలేదు, చూచువారి మనసులు మాఱినవి.

మన తార్కికులు చెప్పిన 'చేరువకు బోవుట' యను పనిని కుజుని విషయమున నిజముగా జేసిరి. ప్రజల కుతూహలమును మన్నించి, మార్స్ గ్లోబల్ సర్వేయర్ అను నౌక 1998 ఏప్రిల్ 5న ఆ గుట్టను మఱల చిత్రించెను. వైకింగ్ చిత్రముకంటె పదిరెట్లు స్పష్టము. అందు ముఖము లేదు. రాళ్ళు, వాలులు, గండ్లు గల గుట్ట మాత్రము గలదు. అప్పు డచ్చట పలుచని మంచుమబ్బు లున్నవి గనుక ముఖము మఱుగుపడెనని పట్టువిడువనివా రనిరి. మంచిది. 2001 ఏప్రిల్ 8న మబ్బులేని వేళ మఱల దీసిరి. ఈమాఱు చిత్రములోని యొక్కొక్క చుక్క మీటరున్నర నేలకు సమానము. చిన్న గుడిసె యున్నను కనబడును. ఆ నౌకయందలి లేజరు పరికరముతో గుట్టల యెత్తును గొలిచిరి. 2006లో యూరపుదేశముల మార్స్ ఎక్స్‌ప్రెస్ చిత్రించెను. 2007లో మఱియొక నౌక యింకను స్పష్టమైన చిత్రమును దీసెను. ఎచ్చటనుండి చూచినను నది గాలియు కాలమును అరగదీసిన గుట్టయే. తిరుమలలో చక్రతీర్థమునకు దాపున నున్న శిలాతోరణము నెవ్వరును ఉలిపట్టి కట్టలేదు, ప్రకృతియే మలచినది. ప్రకృతికి శిల్పవిద్య తెలియదనుట మన యవివేకము.

దాచుచున్నారను మాటయు విచారింపదగినదే. దాచదలచినవారు మొదటి చిత్రమును ఆరుదినములలో ప్రకటించి, ముఖమువలె నున్నదని తామే యేల చెప్పుదురు? పిమ్మట వచ్చిన చిత్రములన్నియు నెవ్వరైనను చూచుకొనునట్లు బహిరంగముగా నున్నవి. అమెరికావారు మాత్రమే కాక రష్యా, యూరపు, భారతదేశము, చైనా, అరబ్బుల ఎమిరేటులు నౌకలను బంపినవి. పరస్పరము పోటీపడు నిన్ని దేశములు ఒక్కటై యొక రహస్యమును దాచుట యెట్లు?

ఇంకొక సంగతి. అదే గ్రహమున గాలె యను పేరుగల పెద్దగుంట గలదు. వెడల్పు రెండువందల కిలోమీటర్లకు మించును. అందు రెండు కన్నులు, నవ్వుచున్న నోరు మిక్కిలి స్పష్టముగా గనబడును. పోలిక యున్నంతమాత్రమున నది కట్టడమైనచో దీనిని గూడ నెవ్వరో కట్టిరనవలెను. నవ్వు ముఖమగుటచే కాబోలు, దీనినెవ్వరును ప్రాచీన విగ్రహమనలేదు! 2007లో నొక చిత్రమున స్త్రీవిగ్రహము కనబడినదనిరి. అది కొన్ని సెంటీమీటర్ల యెత్తుగల రాయి. 2022 మేనెలలో క్యూరియాసిటీ యను యంత్రశకటము పంపిన చిత్రమున కొండలో ద్వారము గలదనిరి. అది సుమారు 30 సెంటీమీటర్ల యెత్తుగల రాతిపగులు. మన తులసికోటలో దీపముంచు గూటికంటె నంత పెద్దది గాదు.

కాలువలు పోయి, ముఖము పోయి, ఇక కుజునియందు మిగిలిన దేమని సోదరీమణులు నిరాశపడ నవసరము లేదు. ఒలింపస్ అను నగ్నిపర్వత మచ్చట సుమారు 22 కిలోమీటర్ల యెత్తు గలది. ఎవరెస్టును రెండింతలు చేసినను దానికి చాలదు. నాలుగువేల కిలోమీటర్ల పొడవున నేల నిలువున చీలిన లోయ గలదు. 2021 ఫిబ్రవరి 18న పెర్సివియరెన్స్ అను యంత్రశకటము దిగిన జెజిరో గుంట యొకప్పుడు సరస్సు; అందులోనికి ఏఱు వచ్చి కలసినచోట పేరుకొన్న ఒండ్రుమేటలు నేటికిని గానవచ్చును. ఆ నీటిలో కంటి కగపడనంతటి సూక్ష్మజీవము లైన నుండెనా యని విద్వాంసులు వెదకుచున్నారు. మన తెలుగునేలమీది శ్రీహరికోటనుండి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయానము 2014 సెప్టెంబరు 24న కుజుని కక్ష్య చేరి, 2022 వఱకు మనతో సంబంధము గలిగియుండెను. దానిని నడపినవారిలో ఋతు కరిధాల్, నందినీ హరినాథ్ మొదలగు స్త్రీలు ప్రముఖులు. కుజునిపేరు వినగానే పెండ్లి యాగునేమో యని బెదరిన యింటిలోనే, ఆ కుజునిచెంతకు నౌకను నడపు కూతురును పుట్టవచ్చును.

కావున పిల్లలట్టి చిత్రమును దెచ్చినపుడు కసరుకొనకుడు. అబ్బురపడుట బిడ్డల సొత్తు, దానిని చెఱుపరాదు. వారిచేత మూడు ప్రశ్నలు వేయింపుడు. దీని నెంత దూరమునుండి చూచిరి? వెలుగే వైపునుండి పడినది? చేరువకు బోయి మఱల చూచినవా రెవరైన నున్నారా? నిజముగా నున్నది చేరువకు బోయినకొలది స్పష్టమగును. మనసు కల్పించినది చేరువకు బోయినకొలది కరగిపోవును. ఆంజెలీనా ప్రోత్సాహముచే దొరకిన చంద్రులు నేటికిని తిరుగుచున్నవి. లోవెల్ కాలువలు పటములలో మాత్రమే మిగిలినవి. లోవెల్ మూర్ఖుడు గాడు. ఓర్పు గలవాడు, విద్యావంతుడు. అట్టివానికే యీ పొరపాటు సంభవించినపుడు మన మెంత జాగరూకలమై యుండవలెనో యోచింపుడు.

ఈ జాగ్రత్త మనకు గుట్టలకంటె మనుష్యులయెడ నెక్కువ యవసరము. ఇరుగుపొరుగుల సంగతులలో మనలో పెక్కుమంది నడుమబల్లలవారము. నిజము తెలియునంత చేరువను ఉండము. ఊరకుండునంత దూరమునను ఉండము. ఎదురింటి పిల్ల యొకనాడు ప్రొద్దుపోయి యింటికి వచ్చెను. అది యొక చుక్క. మఱునా డెవరితోనో వీథిలో మాటాడెను. అది యింకొక చుక్క. నడుమ గీత గీచునది మనమే. ఆ గీత నోటినుండి నోటికి సాగి కాలువయగును. దానివలన నిశ్చయమైన పెండ్లి తప్పిపోవచ్చును, చదువు మాన్పింపవచ్చును, ఒక తల్లి తలయెత్తుకొని వీథిలో నడువలేకపోవచ్చును. కుజునిమీది గుట్టకు మన మేమి యారోపించినను దానికి నొప్పి లేదు. ఆ పిల్లకు నొప్పి గలదు.

అయిదుకోట్ల కిలోమీటర్ల దూరమున నున్న రాతిగుట్టకు న్యాయము జరుగవలెనని మనుష్యులు నౌకలు గట్టి, నెలలతరబడి ప్రయాణము చేయించి, ఒకమాఱు గాక పలుమాఱులు చేరువనుండి చూచిరి. ఎదురింటికి పోవుటకు మనకు నాలుగడుగులు చాలును.